పేరులో పేరు



ఈసారి టపా ఛందస్సు గురించి కాదు, ప్రబంధాల గురించీ కాదు. కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించడానికి రాసే ప్రోగ్రాములలో కనిపించే ఒక చిన్న మెలిక గురించి. పదవీవిరమణ చేసిన తెలుగు పండితునికి ఈ ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. పగలు సాఫ్ట్‌వేరూ రాత్రి సాహిత్యమూ నడిపే మిత్రులు మీలో ఎందరో ఉన్నారు గనుక, తాతకు దగ్గులు నేర్పుతున్నాడని వారు నవ్వుకోనూవచ్చు. అయితే ఈ మెలిక మూలంలో శబ్దశాస్త్రానిది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా మేనల్లుడు హైదరాబాదులో పరీక్షా స్క్రిప్టులు రాసే ఉద్యోగంలో ఉన్నాడు. ఒక పండుగకు వచ్చినప్పుడు తన చిక్కు ఇలా చెప్పాడు. తెరమీద వరుసగా పది పెట్టెలున్నాయి: పెట్టె1, పెట్టె2, ఇలా పెట్టె10 దాకా. ఒక్కొక్కదానిలో ఏదో నింపి, సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. ఒకే వాక్యాన్ని పదిసార్లు రాయడం ఎందుకని, "పెట్టె" అనే మాటకు అంకెను చేర్చి ఒక చరరాశిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చరరాశిలో ఉన్నది "పెట్టె3" అనే అక్షరాల వరుస. వాడికి కావలసింది పెట్టె.

"మామయ్యా, పేరు నా చేతిలో ఉంది, మనిషి లేడు. పేరు పట్టుకుని మనిషిని ఎలా తెచ్చుకోవాలి?" అన్నాడు.

వాడి ప్రశ్నకు జవాబు వాడికే తెలుసు. నాకు ఆసక్తి కలిగించింది ఆ ప్రశ్న వయస్సు.

పాణిని తన వ్యాకరణం మొదటి అధ్యాయం మొదటి పాదంలోనే దీన్ని ఎదుర్కొన్నాడు. వ్యాకరణ సూత్రంలో ఒక శబ్దం వస్తే, అది పారిభాషిక సంజ్ఞ కానంతవరకు, తన స్వరూపాన్నే తెలుపుతుందని నియమం చేశాడు. ఎందుకు చేయవలసి వచ్చింది? లోకంలో ఆవును తెమ్మంటే జంతువును తోలుకొస్తారు. పెరుగు తినమంటే పెరుగునే తింటారు. ఎవరూ ఆ అక్షరాలను తేరు, తినరు. శాస్త్రంలో అగ్ని మీద ప్రత్యయం చేర్చమంటే మండుతున్న నిప్పుకణికలకు చేర్చలేము గదా! అగ్ని అనే మాటకు చేర్చాలి. అప్పుడు ఆగ్నేయం అవుతుంది. ఇక వృద్ధి, గుణం వంటి సంజ్ఞల విషయం వేరు. అక్కడ ఆ మాటను వదలి, అది సూచించే వర్ణాలను తీసుకోవాలి. అంటే ఒకే గ్రంథంలో పేరు ఒకచోట పేరుగానూ, మరొకచోట తాను చూపే వస్తువుగానూ నిలుస్తుంది. ఎక్కడ ఏది అన్నది చెప్పకపోతే శాస్త్రం నడవదు. మా మేనల్లుడి చేతిలో ఉన్న "పెట్టె3" స్వరూపమాత్రమే. దాన్ని సంజ్ఞగా మార్చే ఉపాయం వాడికి కావాలి.

కంప్యూటరు భాషలలో ఈ ఉపాయం చాలా ముందే వచ్చింది. 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషకు శ్రీకారం చుట్టాడు. 1960లో వెలువడిన ఆయన వ్యాసంలో రెండు సాధనాలున్నాయి. ఒకటి కోట్: ఇది పక్కనున్న పేరును పేరుగానే ఉంచమంటుంది. రెండవది ఎవాల్: ఇది ఆ పేరుకు విలువ కట్టమంటుంది. పాణిని నియమానికీ దాని మినహాయింపుకూ ఇవి చక్కని జంట. ఎవాల్ కాగితం మీది సిద్ధాంతమేనని మెకార్తీ తలచగా, ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రస్సెల్ దాన్ని ఐ.బి.ఎం. 704 యంత్రం మీద నిజంగానే రాసి నడిపించాడు. ఇలా కాగితం మీది మాట యంత్రంలో పలికింది.

నాకు మరింత ఇష్టమైనది స్నోబాల్. 1962లో బెల్ ప్రయోగశాలలలో ఫార్బర్, గ్రిస్వల్డ్, పొలాన్‌స్కీ అనే ముగ్గురు మొదలుపెట్టిన భాష. లెక్కల కోసం పుట్టినది కాదు; అక్షరాల వరుసలతో పనిచేయడానికే పుట్టింది. చరరాశి ముందు డాలరు గుర్తు పెడితే, ఆ చరరాశిలో ఏ పేరు ఉందో ఆ పేరుగల మరో చరరాశి చేతికొస్తుంది. ఒక గ్రంథంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలనుకోండి. చదివిన ప్రతి మాటనూ ఒక చరరాశిలో వేసి, డాలరు గుర్తుతో ఆ మాట పేరుగలదానికి ఒకటి కలుపుతూ పోతే సరి. గ్రంథంలోని ఒక్కొక్క మాటా ఒక్కొక్క లెక్కపెట్టె అయిపోతుంది. కావ్యాలకు పదసూచికలు చేతితో రాసుకున్న తరంవాడిని గనుక ఇది నాకు ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను.

ముచ్చటలోనే మోసం. ప్రోగ్రాము తన సొంత పనికోసం "మొత్తం" అనే చరరాశిని వాడుకుంటోందనుకుందాం. గ్రంథంలో ఎక్కడో "మొత్తం" అనే మాట వచ్చింది. ఇక రెండు లెక్కలూ ఒకదానిమీద ఒకటి పడి కలుషితమవుతాయి. యంత్రం కిమ్మనదు. తరువాత వచ్చిన స్నోబాల్4లో ఇలాంటి పనికోసం పట్టికలను ఏర్పరచారు: పేర్లన్నీ ఒక ప్రత్యేకమైన పెట్టెలో ఉంటాయి, ప్రోగ్రాము సొంత పేర్లతో కలవవు. 1994లో వచ్చిన పెర్ల్ ఐదవ కూర్పులో "స్ట్రిక్ట్" అనే ఆంక్షను కోరుకుంటే పేరుగుండా చరరాశిని పట్టుకోవడం నిషిద్ధం. చరరాశి పేరుగా మరో చరరాశిని వాడడం అవివేకమని పెర్ల్ రచయిత మార్క్ జేసన్ డొమినస్ ఏకంగా వ్యాసాలే రాశాడు. పి.హెచ్.పి. మాత్రం ఆ వెసులుబాటును నేటికీ రెండు డాలరు గుర్తులతో ఉంచుకుంది.

అందరూ వద్దంటున్న ఈ పద్ధతి పరీక్షా ప్రోగ్రాములలో మాత్రం రాజ్యమేలింది. కారణం ఉంది. పరీక్షించే ప్రోగ్రాము రాసేనాటికి, తాను పరీక్షించబోయేవి ఏవో, ఎన్నో దానికి తెలియదు. రేపు మరెవరో రాయబోయే పరీక్షను ఈనాటి పరికరం నడపాలి. పేరు తప్ప మరో దారం లేదు.

1994లో కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాషలో పరీక్షల కోసం ఒక చిన్న చట్రాన్ని ప్రకటించాడు. తరువాత దానికి ఎస్‌యూనిట్ అని పేరు. అందులో ఒక్కొక్క పరీక్షావస్తువు తాను చేయవలసిన పని పేరును తన కడుపులో దాచుకుంటుంది. సమయం రాగానే "పెర్ఫార్మ్" అనే సందేశంతో ఆ పేరుగల పనిని తానే జరిపిస్తుంది. 1997లో జూరిక్ నుండి అట్లాంటాకు ఒక సదస్సుకు వెళుతూ, విమానంలో కూర్చుని, బెక్, ఎరిక్ గామా కలిసి దీన్ని జావా భాషలోకి తెచ్చారు. అదే జేయూనిట్. ఆ సంవత్సరమే విడుదలైన జావా 1.1లో "రిఫ్లెక్షన్" అనే సౌకర్యం వచ్చింది. ప్రోగ్రాము తన ప్రతిబింబాన్ని తానే చూసుకుని, నాలో ఏయే పేర్లున్నాయి అని అడగగలగడమన్నమాట.

ఇక్కడే నేను కాస్త నిలవదలిచాను. జేయూనిట్ మూడవ కూర్పు వరకు పద్ధతి ఇది: తరగతిలో "టెస్ట్" అనే అక్షరాలతో మొదలయ్యే పనులన్నిటినీ వెతికి, వాటి పేర్లు పోగుచేసి, ఒక్కొక్క పేరుతోనూ ఒక్కొక్క పరీక్షను నడపడం. ఇందులో పేరు రెండుసార్లు, రెండు తీరులుగా పనిచేస్తోంది. మొదటిసారి వెతుకులాటలో. రెండవసారి పిలుపులో.

పిలుపులో అక్షరదోషం ఉంటే యంత్రం గోల పెడుతుంది. ఆ పేరుగల పని ఇక్కడ లేదని చెప్పి పరీక్షను తప్పిస్తుంది. వెతుకులాటలో అక్షరదోషం ఉంటే? "టెస్ట్" అని మొదలుకావలసిన పేరును తొందరలో "టెట్స్" అని రాశారనుకోండి. వెతికేవాడికి అది కనబడదు. కనబడనిదాన్ని పిలవడు. పిలవనిది తప్పదు. చివర పచ్చగీత వెలుగుతుంది, అన్నీ నెగ్గాయని. తరగతిలో ఒక్క పరీక్ష కూడా దొరకకపోతే హెచ్చరిక వచ్చేది. పదింటిలో ఒకటి జారిపోతే మాత్రం ఏమీ లేదు. పరీక్షకు ముందు సన్నాహం చేసే పనికీ ఇదే గతి. "సెటప్" పేరులో మధ్యనున్న పెద్దక్షరాన్ని చిన్నక్షరంగా రాస్తే చాలు, సన్నాహం జరగనే జరగదు.

హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచే అనుభవం ముప్పై ఏళ్లకు పైగా ఉన్నవాణ్ణి. పట్టీలో పేరుండి రాని పిల్లవాడు గైర్హాజరు; వాడి కోసం ఇంటికి కబురు వెళుతుంది. పట్టీలో పేరే ఎక్కని పిల్లవాడు ఏనాడూ గైర్హాజరు కాడు. సంవత్సరాంతంలో లెక్కలు చూస్తే ఆ తరగతికి నూటికి నూరు హాజరు కూడా ఉండవచ్చు!

2006లో వచ్చిన జేయూనిట్ నాలుగవ కూర్పు పేరును నమ్ముకోవడం మానేసింది. 2004లో జావా ఐదుతో వచ్చిన గుర్తులను ఆశ్రయించి, పని నెత్తిన "టెస్ట్" అని విడిగా బొట్టు పెట్టమంది. ఆ బొట్టును తప్పుగా రాస్తే కంపైలరే ఒప్పుకోదు. ఈ మార్పును సౌకర్యంగా మాత్రమే వర్ణించేవారు ఎక్కువ. నా దృష్టిలో అది అక్షరదోషాన్ని మౌనం నుండి మాటలోకి తెచ్చిన మార్పు.

పైథాన్ మాత్రం పాత దారినే నిలిచింది. జేయూనిట్ పోలికతో స్టీవ్ పర్సెల్ చేసిన చట్రం 2001లో పైథాన్ 2.1తో పాటు వచ్చింది. ఈనాటికీ "టెస్ట్" అనే ఆదిపదంతోనే వెతుకుతుంది. దీనిలో మరొక గుంట ఉంది. పాత పరీక్షను నకలు చేసి, లోపల మార్చి, పేరు మార్చడం మరచిపోతే ఒకే తరగతిలో ఒకే పేరుతో రెండు పరీక్షలు తయారవుతాయి. జావా అయితే తిరస్కరిస్తుంది. పైథాన్‌లో రెండవది వచ్చి మొదటిదాని చోటులో కూర్చుంటుంది, మొదటిది అంతర్ధానం. ఒక్క పరీక్షా నడవకపోతే దాన్ని విజయంగా కాక ప్రత్యేక సంకేతంతో చెప్పాలన్న నియమం పైథాన్ సొంత చట్రంలోకి 2023లో, 3.12 కూర్పుతో గాని రాలేదు.

మేనల్లుడి పెట్టెల దగ్గరకు వద్దాం. అవి తెరమీది వస్తువులు. వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడిన పరికరం క్విక్‌టెస్ట్ ప్రొఫెషనల్. మెర్క్యురీ అనే సంస్థది. ఆ సంస్థను 2006లో హెచ్.పి. కొన్నది, 2017లో మైక్రో ఫోకస్ చేతికీ, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికీ చేరింది. మధ్యలో పరికరం పేరూ మారింది. పేర్ల గురించిన టపాలో ఇది తగిన వినోదమే. ఆ పరికరంలో తెరమీది ప్రతి వస్తువుకూ ఒక పేరు పెట్టి, ఒక కోశంలో దాచేవారు. స్క్రిప్టులో ఆ పేరు కొటేషన్ గుర్తుల మధ్య వస్తుంది. కొటేషన్ల మధ్య ఉన్నది అక్షరాల వరుసే గనుక దాని స్థానంలో చరరాశిని పెట్టడానికి అడ్డు లేదు. కోశంలో లేని పేరు అడిగితే పరికరం వెంటనే ఫిర్యాదు చేస్తుంది. ఇది సవ్యమైన దారి.

కాని ఆ స్క్రిప్టుల భాష వీబీస్క్రిప్టు. అందులో లిస్ప్ నాటి ఎవాల్ కూడా ఉంది. తెరమీది వస్తువులతో ఆగక, తమ సొంత చరరాశుల పేర్లను కూడా అంకెలు చేర్చి అల్లి, ఎవాల్‌కు అప్పగించడం కొందరికి అలవాటైంది. వీబీస్క్రిప్టులో చరరాశులను ముందుగా ప్రకటించి తీరాలన్న వాక్యాన్ని మొదట రాయకపోతే, ఎన్నడూ లేని పేరు అడిగినా తప్పనదు, శూన్యం ఇస్తుంది. ఆ శూన్యాన్ని సున్నాతో పోల్చితే సమానమంటుంది, ఖాళీ వాక్యంతో పోల్చినా సమానమంటుంది. "దోషసందేశం ఖాళీగా ఉండాలి" అన్నది పరీక్ష అనుకోండి. సందేశం పట్టుకున్న చరరాశి పేరును ఒక్క అక్షరం తప్పుగా అల్లినా పరీక్ష నెగ్గుతుంది. లేనివాడిని పిలిచి, వాడు మాట్లాడలేదు గనుక తగాదా లేదని తీర్పు చెప్పినట్టు. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వీబీస్క్రిప్టును క్రమంగా విరమిస్తామని ప్రకటించింది. ఆ భాషలో రాసిన పరీక్షలను మరో భాషలోకి మార్చేవారు, ఎవాల్ ఉన్న వాక్యాలను యథాతథంగా మార్చకుండా ముందు వాటి నిజానిజాలు చూడాలని మా వాడికి చెప్పాను. చెప్పక ముందే చూస్తున్నానన్నాడు.

సెలీనియం కథ మరోలా ఉంటుంది. 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగిన్స్ దీన్ని మొదలుపెట్టాడు. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరస విషానికి సెలీనియం విరుగుడన్న పరిహాసం మీద ఈ పేరు నిలిచిందంటారు. తొలిరోజుల్లో సెలీనియం పరీక్ష అంటే మూడు నిలువు గదుల పట్టిక: ఆజ్ఞ, లక్ష్యం, విలువ. మొదటి గదిలోని మాటను తీసుకుని, జావాస్క్రిప్టులో ఆ పేరుగల పనిని వెతికి నడపడమే దాని యంత్రాంగం. రెండేళ్ల ముందు, 2002లో వార్డ్ కనింగ్‌హామ్ చేసిన ఫిట్ కూడా పట్టిక శీర్షికలలోని మాటలను ఇలాగే ప్రోగ్రాములోని పేర్లుగా పలికించింది.

సెలీనియం లోపలి ఏర్పాటు చూసి నేను నిజంగా మురిసిపోయాను. ఒక విలువను తెచ్చే పని ఒకటి రాస్తే చాలు, దాని పేరు ముందున్న "గెట్"ను తీసేసి, మిగిలిన ధాతువుకు "అసర్ట్", "వెరిఫై", "వెయిట్‌ఫర్", "స్టోర్" అనే ఆదిపదాలు చేర్చి నాలుగైదు కొత్త ఆజ్ఞలను తానే పుట్టించుకునేది. ఒకటి విలువ సరిపోకపోతే పరీక్షను ఆపుతుంది, ఒకటి లోపం రాసుకుని సాగిపోతుంది, ఒకటి సరిపోయేదాకా వేచి ఉంటుంది, ఒకటి దాచుకుంటుంది. మనకు హృ ధాతువు మీద ఉపసర్గలు చేరి ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అయిన తీరే! తరగతి గదిలో ఈ ఐదు మాటలూ నల్లబల్ల మీద రాయని సంవత్సరం నాకు లేదు. ధాతువు ఒకటే, ఉపసర్గ బలాత్తుగా అర్థాన్ని ఎటో తీసుకుపోతుంది. పట్టికలో తెలియని ఆజ్ఞ రాస్తే ఆ పాత సెలీనియం తెలియదని స్పష్టంగా చెప్పేది.

దాని స్థానంలోకి 2011లో రెండవ కూర్పుతో వెబ్‌డ్రైవర్ పద్ధతి వచ్చింది. పేరుతో ఒక వస్తువును అడిగితే, లేకుంటే దోషం. అదే పేరుతో వస్తువు"ల"ను అడిగితే, లేకుంటే ఖాళీ జాబితా. ఆ జాబితాలోని ప్రతిదాన్నీ పరీక్షించమని రాశారంటే, ఖాళీ జాబితాలో ప్రతిదీ నెగ్గినట్టే. చూశారా, ఏకవచనం అరుస్తుంది, బహువచనం మౌనం వహిస్తుంది! ముందు జాబితాలో ఎన్ని ఉన్నాయో లెక్కించి గాని లోపలికి వెళ్లకూడదు.

చివరిగా మన లిపి సంగతి. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ మూడులో చరరాశులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. "టెస్ట్" అనే ఆదిపదాన్ని ఆంగ్లాక్షరాలలో ఉంచి, తక్కిన పేరంతా తెలుగులో రాసినా పరీక్ష నడుస్తుంది. మన పిల్లలకు ప్రోగ్రాములు నేర్పాలనుకునే మిత్రులకు ఇది ఉపయోగం. కాని పేరుగుండా పేరును పట్టే పని చేసేటప్పుడు యూనికోడ్ రెండు చిక్కులు తెస్తుంది.

మొదటిది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు; ఎత్వమూ దాని కింది ఐత్వచిహ్నమూ కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరమీద తేడా ఉండదు. పైథాన్ ప్రోగ్రాములో నేరుగా రాసిన పేర్లను భాషే ఒకే రూపానికి తెచ్చుకుంటుంది. చరరాశిలో అక్షరాల వరుసగా ఉన్న పేరును మాత్రం అలా సరిచేయదు. "పైకం" అని నేరుగా రాస్తే దొరికే వస్తువు, రెండు గుర్తుల ఐత్వంతో చరరాశిలో పెట్టి అడిగితే లేదంటుంది. స్వరూపం వేరు, సంజ్ఞ వేరు అన్న పాణిని మాట ఇక్కడ అక్షరాలా కనబడుతుంది.

రెండవది మరింత జిత్తులమారి. పొల్లు అక్షరం తరువాతి హల్లుతో కలిసిపోకుండా మనం ఒక కనిపించని విభాజకాన్ని వాడుతుంటాం. "సాఫ్ట్‌వేరు" వంటి మాటల మధ్య అది ఉంటుంది. మాట చివరి పొల్లు తరువాత కూడా అది చాలా తెలుగు రాతలలో మిగిలిపోతుంది. అక్కడ దాని ఉనికి కంటికి ఏమాత్రం తెలియదు. పైథాన్ తన పేర్లలో దాన్ని రానివ్వదు, దోషమంటుంది. జావాస్క్రిప్టు 2009 నాటి ప్రమాణం నుండి రానిస్తుంది, కనుక అక్కడ "మార్క్" అనే రెండు పేర్లు కంటికి ఒకటిగా, యంత్రానికి రెండుగా ఉండగలవు. పట్టికలనుండి, జాబితాలనుండి తెలుగు పేర్లు తెచ్చుకుని పరీక్షలు నడిపేవారు, వెతకడానికి ముందే రెండు వైపులా పేర్లను ఒకే రూపానికి తేవాలి. యూనికోడ్ సాధారణీకరణ ఐత్వాన్ని సరిచేస్తుంది గాని ఈ విభాజకాన్ని తీయదు. దాన్ని విడిగా ఏరివేయవలసిందే.